పొత్తు కుదిరితేనే పచ్చదనం

పశుగ్రాసపు మొక్కలన్నీ గాలిలోని నత్రజనిని ఒకే తీరున పట్టుకోలేవు. ఆ తేడా కొంత వంశంలో ఉన్నది. కొంత దేహధర్మంలో ఉన్నది. కొంత వేరులో చేరిన అతిథిలో ఉన్నది.

ఒకే సంచిలోని విత్తనంతో, ఒకే మడిలో, ఒకే రోజున మొలిచిన రెండు ఎర్ర క్లోవర్ మొక్కలను ఊహించండి. ఒకటి ముదురాకుపచ్చగా, ఏపుగా పెరిగింది. రెండవది పసుపువారి, గిడసబారి నిలుచున్నది. రెంటికీ నేల ఒకటే, నీరు ఒకటే, ఎండ ఒకటే. పెకలించి చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. రెండింటి వేళ్ళకూ బుడిపెలున్నాయి. పైగా గిడసబారిన మొక్క వేళ్ళకే ఎక్కువ బుడిపెలున్నాయి!

పప్పుజాతి మొక్కల వేళ్ళకు బుడిపెలుంటాయనీ, వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా మారుస్తుందనీ, అందువల్ల ఆ మొక్కలు నేలకు బలమనీ మనమందరం బడిలో చదువుకున్నాం. ఆ పాఠం అబద్ధం కాదు. అయితే అది సగమే. బుడిపె ఉన్నంత మాత్రాన నత్రజని రాదు. ఏ మొక్క, ఏ బాక్టీరియాతో, ఏ పరిస్థితిలో పొత్తు పెట్టుకున్నదన్న ప్రశ్నకు జవాబు దొరికితేనే తక్కిన సగం పాఠం పూర్తవుతుంది.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన ముచ్చట కాదు. పొత్తు చక్కగా కుదిరిన లూసర్న్ గాని క్లోవర్ గాని ఒక టన్ను ఎండుమేతను ఇచ్చేసరికి సుమారు 20 నుంచి 25 కిలోల నత్రజనిని గాలినుంచి రాబడుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే టన్ను మేతకు బస్తా యూరియా లెక్క. పొత్తు కుదరకపోతే ఆ బస్తాను రైతు కొనాలి, లేదా నేల తన నిలవలోనుంచి తీసి ఇవ్వాలి. పశువు తినే మేతలో మాంసకృత్తులు ఎన్ని ఉంటాయన్నదీ చాలావరకు ఈ నత్రజనిపైననే ఆధారపడి ఉంటుంది.

అతిశుభ్రత తెచ్చిన చిక్కు

గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే. అయినా పైరుకు అది అందని మానిపండు. ఆ నత్రజని పరమాణువులు జంటలు జంటలుగా, విడదీయరానంత గట్టిగా పెనవేసుకొని ఉంటాయి. 1838 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బుస్సెంగో, గోధుమ పెరిగినప్పుడు నత్రజని పెరగడం లేదనీ, క్లోవర్, బఠాణీ పెరిగినప్పుడు పెరుగుతున్నదనీ గమనించాడు. అది ఎక్కడినుంచి వస్తున్నదో ఆయనకు అంతుచిక్కలేదు.

ఆ సంగతి తేల్చడానికి ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో లాస్, గిల్బర్ట్, ప్యూ అనే ముగ్గురు 1857-58లో ఎంతో జాగ్రత్తగా ప్రయోగాలు చేశారు. మట్టిని కాల్చి శుద్ధిచేశారు. బయటి గాలి తగలకుండా గాజుబుడ్ల కింద మొక్కలు పెంచారు. పప్పుజాతి మొక్కలు కూడా గాలిలోని నత్రజనిని వాడుకోలేవని వారు తేల్చారు. లెక్కల్లో తప్పు లేదు. కాని మట్టిని కాల్చినప్పుడు అందులోని బాక్టీరియా కూడా కాలిపోయింది. వారు వెదుకుతున్నది దేనినో దానినే మొదట చంపివేసి, తరువాత వెదకడం మొదలుపెట్టారు.

చిక్కుముడి 1886లో విడిపోయింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్‌రీగెల్, బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతోనే ఈ మొక్కలు గాలిలోని నత్రజనిని గ్రహిస్తున్నాయని బెర్లిన్‌లో జరిగిన శాస్త్రసభలో ప్రకటించాడు. రెండేళ్ళ తరువాత హాలెండులో బైజరింక్ ఆ బాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు. 1896 నాటికి జర్మనీలో నోబ్, హిల్ట్‌నర్ ఆ బాక్టీరియాను సీసాల్లో పెంచి రైతులకు అమ్మే పద్ధతికి పేటెంటు పొందారు.

విత్తనానికి ఈ బాక్టీరియాను పట్టించడాన్ని ఇంగ్లీషులో మశూచి టీకాకు వాడే మాటతోనే పిలుస్తారు. తెలుగు చేసేవాడు తడబడేది ఇక్కడే. టీకా అంటే క్రిమిని దూరంగా ఉంచే ఉపాయమని మన వాడుక. ఇక్కడ జరిగేది అందుకు తలకిందులు. క్రిమికి తలుపు తీసి, పీట వేసి కూర్చోబెట్టడం. మన పల్లెల్లో పాలు తోడువేయడమనే మాట ఈ పనికి ఎంతో దగ్గరగా ఉంటుంది. తోడు మంచిదైతేనే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఆ తోడుకు తగిన పాలూ ఉండాలి.

వంశంలోని తేడా

పాలలో కూడా తేడా ఉంటుందని స్పష్టంగా నిరూపించినవాడు నట్‌మన్. చిత్రమేమంటే, ఆయన పనిచేసినది ఆ రోథమ్‌స్టెడ్ క్షేత్రంలోనే. ఎర్ర క్లోవర్ తన పుప్పొడితో తాను గింజ కట్టదు. పరాగం ఇంకో మొక్కనుంచి రావాలి. అందువల్ల ఒకే సంచిలోని గింజల్లో ఏ రెండూ వంశం దృష్ట్యా సరిగ్గా ఒకటి కావు. నట్‌మన్ 1940, 1950 దశకాల్లో ఇలాంటి మొక్కలను వేలువేసి చూశాడు. కొన్నింటికి ఎంత బాక్టీరియా ఇచ్చినా బుడిపెలు రాలేదు. వాటి సంతానాన్ని పరీక్షించగా, ఈ లోపం అంతర్గతంగా ఉండే జన్యువు ద్వారా సంక్రమిస్తుందనీ, తల్లి మొక్కనుంచి వచ్చే మరో అంశం దానికి తోడవుతుందనీ తేలింది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. కొన్ని మొక్కలకు ఒక తెగ బాక్టీరియాతో బుడిపెలు వచ్చాయి గాని నత్రజని రాలేదు. వాటికే మరో తెగ బాక్టీరియా ఇస్తే చక్కగా వచ్చింది. మొదటి తెగ బాక్టీరియా కూడా వేరే మొక్కల్లో బాగానే పనిచేసింది. ఇద్దరూ యోగ్యులే, జాతకాలు కుదరలేదంతే. మనం మొదట ఊహించుకున్న గిడసబారిన మొక్క కథ ఇదే. దాని బుడిపెలు అతిథికి అన్నం పెడుతున్నాయి. అతిథి మాత్రం ఏ పనీ చేయడం లేదు. ఆకలి తీరని మొక్క ఇంకా బుడిపెలు వేస్తూ పోతుంది. గిడసబారిన దానికే ఎక్కువ బుడిపెలుండడానికి కారణమిదే.

కాకసస్ పర్వతాలనుంచి వచ్చిన పాఠం

ఇంతవరకు చూసినది మొక్కకూ మొక్కకూ ఉన్న తేడా. ఒక జాతికీ దాని సోదరజాతికీ మధ్య ఈ తేడా ఎంత దూరం పోగలదో కాకసస్ క్లోవర్ చూపిస్తుంది. ఈ మొక్క కాకసస్ పర్వత ప్రాంతానికి, తూర్పు టర్కీకి, ఉత్తర ఇరాన్‌కు చెందినది. లోతైన వేళ్ళు, భూమిలో పాకే కాండాలు ఉండడం వల్ల చలికీ, కరువుకూ, పశువుల మేపుకూ తట్టుకుంటుంది. ఇన్ని సుగుణాలున్న మొక్కను ఆస్ట్రేలియాలోనూ, న్యూజిలాండ్‌లోనూ, అమెరికాలోనూ ఆశతో నాటారు. అది మాత్రం నత్రజనికి మొహంవాచి నీరసించింది.

ఆ దేశాల నేలల్లో క్లోవర్ బాక్టీరియా లేక కాదు. తెల్ల క్లోవర్ దశాబ్దాలుగా అక్కడ పెరుగుతున్నది. కాని తెల్ల క్లోవర్‌తో హాయిగా కాపురం చేసే బాక్టీరియా, కాకసస్ క్లోవర్ వేళ్ళలో పనికిమాలిన బుడిపెలు వేస్తుంది, లేదా అసలే వేయదు. ఆస్ట్రేలియాలో హీలీ 1957లో ఈ మొక్కను గురించి ప్రకటించిన పరిశోధనలో ఆ మొక్కల్లోనే ఒకదానికీ మరొకదానికీ ఎంత తేడా ఉన్నదో వివరించాడు. ఈ జాతిలో 16, 32, 48 క్రోమోసోములు గల మూడు రకాల మొక్కలున్నాయి. ఒక రకానికి నచ్చిన బాక్టీరియా ఇంకొక రకానికి నచ్చాలని లేదు. చివరకు ఆ మొక్క పుట్టింటినుంచే బాక్టీరియాను తెచ్చి, ఎంపికచేసి, విత్తనానికి పట్టించవలసి వచ్చింది. పెండ్లికూతురితోపాటు పుట్టింటి అరణంగా బాక్టీరియాను కూడా పంపించాలన్నమాట.

పనికిరాని మొక్క చేసిన పని

అమెరికాలో మిన్నెసోటా శాస్త్రజ్ఞులు బార్న్స్, హైకెల్, వాన్స్ 1970, 1980 దశకాల్లో లూసర్న్‌పై చేసిన కృషి ఈ చరిత్రలో మరో అధ్యాయం. వారు శ్రమపడి బుడిపెలు రాని లూసర్న్‌ను, బుడిపెలున్నా నత్రజని తేలేని లూసర్న్‌ను వేరుచేసి పెంచారు. పనికిరాని మొక్కను ఇంత శ్రద్ధగా పెంచడమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కాని కొలవడానికి కొలబద్ద కావాలి గదా! ఇలాంటి మొక్కలో ఉన్న నత్రజని అంతా నేలదే. పక్కనే పెరిగిన మంచి మొక్కతో దానిని పోల్చితే గాలినుంచి వచ్చినదెంతో తెలుస్తుంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్‌లో కూడా శనగ, వేరుశనగ పైర్లలో ఇటువంటి బుడిపెలు రాని మొక్కలను గుర్తించి, కొలబద్దలుగా ఉపయోగించుకున్నారు.

ఆ మిన్నెసోటా లూసర్న్‌కు మరో గౌరవం దక్కింది. దానిలో చెడిపోయిన జన్యువు ఏదో 2002లో హంగరీ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు కనిపెట్టారు. బాక్టీరియా పంపే సంకేతాన్ని వేరు లోపలికి చేరవేసే మార్గంలో అది ఒక కావలివాడి వంటిది. ఆ ఒక్క కావలివాడు లేకపోతే బాక్టీరియా గుమ్మం దగ్గరే నిలిచిపోతుంది. వేళ్ళకు భాస్వరం అందించే శిలీంధ్రాలు లోపలికి రావడానికి కూడా ఈ జన్యువే కావాలని తేలింది.

దేహధర్మంలోని తేడా

జాతకాలు కుదిరినా కాపురం ఖర్చు తప్పదు. ఒక్క నత్రజని అణువును విడదీయడానికి జీవకణంలోని శక్తినాణెమైన ఏటీపీ 16 అణువులు వ్యయమవుతాయి. ఆ శక్తి మొక్క ఆకుల్లో తయారైన చక్కెరనుంచే రావాలి. ఒక గ్రాము నత్రజనికి మొక్క సుమారు 6 గ్రాముల కర్బనం ఖర్చుపెడుతుందని అంచనా. పైగా నత్రజనిని విడదీసే ఎంజైముకు ప్రాణవాయువు సోకితే చెడిపోతుంది. బాక్టీరియా బ్రతకడానికి మాత్రం ప్రాణవాయువే కావాలి. ఈ చిక్కును మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన ఒక ఎర్రని పదార్థం తీరుస్తుంది. అది ప్రాణవాయువును కొద్దికొద్దిగా, కొలిచినట్లు అందిస్తుంది. పనిచేసే బుడిపె లోపల గులాబిరంగులో ఉండడానికి కారణం ఇదే.

కోత కోసిన వెంటనే ఈ కాపురంలో కరువు వస్తుంది. ఆకులు పోతే చక్కెర లేదు. లూసర్న్ కోసిన 24 గంటల్లోనే బుడిపెల పని చాలావరకు నిలిచిపోతుంది. మళ్ళీ చిగురించి, ఆకు విచ్చుకున్న తరువాత, రెండు వారాలకు గాని పుంజుకోదు. అయితే లూసర్న్, క్లోవర్ బుడిపెలు వ్రేలిలా పొడవుగా ఉండి, కొసన పెరుగుతూనే ఉంటాయి; అందువల్ల ఆ బుడిపె తిరిగి పనిలో దిగగలదు. అలసంద, పిల్లిపెసర వంటి వాటి బుడిపెలు గుండ్రంగా ఉండి, ఒక పరిమాణానికి వచ్చి ఆగిపోతాయి. వాటి ఆయువు తక్కువ. మళ్ళీ మళ్ళీ కోసే మేతకూ, ఒక్కసారి కోసే మేతకూ ఉన్న తేడా వేరులో ఈ విధంగా కనిపిస్తుంది.

నేలలో నైట్రేటు సమృద్ధిగా ఉంటే మొక్క ఈ ఖర్చంతా మానుకొని, చేతికందినదే తీసుకుంటుంది. చలిదేశపు లూసర్న్ వంగడాలు శరత్కాలంలో పెరుగుదల తగ్గించుకొని నిద్రకు సిద్ధమవుతాయి. మిన్నెసోటాలోనే 1980 దశకంలో ‘నైట్రో’ అనే వంగడాన్ని ఇందుకు భిన్నంగా రూపొందించారు. అది మంచు కురిసేదాకా నిద్రపోకుండా పెరుగుతూ, నత్రజనిని కూడబెడుతుంది. ఒకే సంవత్సరం పెంచి, దున్ని నేలలో కలిపివేయడానికి ఉద్దేశించిన వంగడమది. నత్రజనిని గురించి ఆలోచించి ఎంపిక చేస్తే ఫలితం ఉంటుందనడానికి అది ఒక నిదర్శనం.

ఇంటి యజమాని అదుపు

ఈ శతాబ్దంలో తెలిసిన సంగతి మరింత విచిత్రమైనది. లూసర్న్, క్లోవర్, బఠాణీ బంధువర్గంలోని మొక్కలు లోపలికి వచ్చిన బాక్టీరియాను స్వేచ్ఛగా వదలవు. చిన్నచిన్న మాంసకృత్తుల తునకలను దానిలోకి ఎక్కిస్తాయి. వాటి ప్రభావంతో బాక్టీరియా ఉబ్బిపోతుంది. ఇక ఎన్నటికీ విభజన చెందలేదు. నత్రజని తయారుచేయడమే దాని శేషజీవితం. లూసర్న్‌కు చెల్లెలి వంటి బారెల్ మెడిక్ మొక్కలో ఇలాంటి తునకలు సుమారు 700 రకాలున్నాయి. అలసంద, సోయా వంటి మొక్కల్లో ఈ పద్ధతి లేదు.

ఈ అదుపే ఒక్కొక్కప్పుడు శ్రుతిమించుతుంది. ఆస్ట్రేలియా పచ్చికబయళ్ళలో పేరుపొందిన ‘జెమలాంగ్’ అనే బారెల్ మెడిక్ వంగడం, ఒక తెగ బాక్టీరియాను లోపలికి రానిచ్చి, బుడిపెలు వేయనిచ్చి, ఆ తరువాత అందులోనే చంపివేస్తుంది. అదే జాతికి చెందిన మరికొన్ని మొక్కల్లో ఆ తెగ చక్కగా పనిచేస్తుంది. ఈ హత్యకు కారణమైన జన్యువులను 2017లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు గుర్తించారు. మాంసకృత్తు తునకలో కొద్దిపాటి మార్పే అతిథి బ్రతుకునో చావునో నిర్ణయిస్తున్నది. నట్‌మన్ తన క్లోవర్ మడుల్లో చూచిన తేడాల వంటి వాటి వెనుక ఎటువంటి యంత్రాంగం ఉండగలదో ఇది కళ్ళకు కట్టింది.

మన పొలాల మాట

బర్సీమ్ ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఈజిప్టునుంచి సింధుకు వచ్చి, అక్కడినుంచి ఉత్తర భారతమంతటా వ్యాపించింది. కొత్త పొలంలో మొదటిసారి వేసినప్పుడు అది తరచు పసుపువారేది. పాత బర్సీమ్ మడినుంచి మట్టి తెచ్చి విత్తనంతో కలిపి చల్లడం రైతులకు అలవాటైంది. శాస్త్రం పేరు తెలియకపోయినా, అతిథిని వెంటబెట్టుకొని పోవాలని వారు గ్రహించారు.

బర్సీమ్ బాక్టీరియా లూసర్న్‌కు పనికిరాదు. రెండూ మూడాకుల మొక్కలే, చూపుకు అక్కచెల్లెళ్ళే. వేరు దగ్గర మాత్రం పరాయివే. లూసర్న్ బాక్టీరియాతో పొత్తు కలిసేది మన పెరటిలోని మెంతికి. ఈ బాక్టీరియాకు ఆమ్లనేలలు గిట్టవు. అందుకే అలాంటి నేలల్లో లూసర్న్ విత్తనం ఎంత మంచిదైనా పైరు కుంటుపడుతుంది.

కోస్తా జిల్లాల్లో వరి కోసిన మాగాణిలో వేసే పిల్లిపెసర, జనుము సంగతి వేరు. ఇవి అలసంద, పెసర, మినుము వంటి వాటితోపాటు ఒక విశాలమైన బాక్టీరియా వర్గంతో కలిసిపోగలవు. ఆ వర్గం మన నేలల్లో సహజంగానే విస్తారంగా ఉంటుంది. మన పెద్దలు ఏ పొట్లమూ కొనకుండానే ఈ పైర్ల మేలు పొందడానికి కారణమిదే. అయితే ఎవరితోనైనా కలిసిపోయే గుణం ఉన్నంత మాత్రాన, దొరికిన ప్రతి అతిథీ పనిమంతుడని అర్థం కాదు. వచ్చిన వాటిలో బద్ధకస్తులూ ఉంటాయి. మంచి తెగను పట్టించినా, అప్పటికే నేలలో స్థిరపడిన తెగలు దానిని వేరు దరిచేరనివ్వకపోవచ్చు.

కనుక బాక్టీరియా పొట్లం కొనేటప్పుడు దానిమీద ఏ పైరు పేరున్నదో, గడువు ఎప్పటిదాకా ఉన్నదో చూడాలి. ఎండలో పెట్టిన పొట్లం బూడిదతో సమానం. అందులో ఉన్నది ప్రాణమున్న సరుకు. వంగడాలు రూపొందించే వారికీ ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. ఎరువు ధారాళంగా వేసిన మడిలో పెంచి, పచ్చిమేత బరువు ఒక్కటే చూసి ఎంపికచేస్తే, గాలినుంచి తిండి తెచ్చుకునే మొక్క ఏదో, కొట్టులోని తిండి తినే మొక్క ఏదో బయటపడదు. తరాలు గడిచేకొద్దీ ఆ గుణం మన కళ్ళముందే జారిపోయినా తెలియదు. ఎరువు లేని మడిలో, తగిన బాక్టీరియాతో పెంచి చూస్తేనే మొక్క అసలు నైజం తెలుస్తుంది.

ఇందుకు పరికరాలు లేని వారికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. పూతకు ముందు ఒకటి రెండు మొక్కలను మట్టితోసహా జాగ్రత్తగా తవ్వి తీసి, వేళ్ళను నీటిలో కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబిరంగు ఉంటే పని జరుగుతున్నది. తెల్లగా పాలిపోయి గాని, ఆకుపచ్చగా గాని ఉంటే, పొత్తు కుదరలేదు, లేదా కాలం తీరిపోయింది. పొలంలో నాలుగుచోట్ల ఇలా చూసిన తరువాతనే యూరియా బస్తా సంగతి ఆలోచించవచ్చు. బుడిపెలను లెక్కపెట్టడం వల్ల తెలియనిది, ఒక్క బుడిపెను చీల్చితే తెలుస్తుంది.